దొరసాని చెట్టుకు కట్టిన ఊయల

దొరల పండగ చెట్టును నిలువునా పడగొట్టిన ఆడది గిద్దలూరు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నేనొక్కతినే. ఇది గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు. ఇంత వయసు వచ్చాక కూడా డిసెంబరు చలి మొదలైతే చాలు, మా ఊళ్ళో ఎవరో ఒకరు "చెన్నమ్మవ్వా, ఈయేడు ఏ చెట్టు మీద పడతావు?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళు విన్నది చెట్టు పడిన సంగతి ఒక్కటే. అది ఎందుకు పడిందో, పడినందువల్ల నా బతుకులో ఏం నిలబడిందో వాళ్ళకు తెలియదు. మీకు మొత్తం చెబుతాను. నవ్వు వచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. ఒకటి రెండు చోట్ల మాత్రం కొంచెం ఆగి నవ్వండి.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. జిల్లా పైన మద్రాసు ప్రభుత్వం, దాని పైన ఇంగ్లీషు దొరలు, వాళ్ళందరి పైన మా అత్త నారాయణమ్మ. రాచర్ల పక్కన మా పల్లెలో ఆమె మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. తెలియదు అనే మాట ఆమె నోట వినలేదు. రైలు ఎందుకు కూస్తుందని అడిగినా చెప్పేది, మద్రాసులో సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందని అడిగినా చెప్పేది. మద్రాసూ చూడలేదు, సముద్రమూ చూడలేదు. అయినా ఆమె చెప్పే తీరు చూస్తే సముద్రంలో ఉప్పు కలిపేటప్పుడు పక్కన నిలబడి చూసిందేమో అనిపించేది.

నా పెనిమిటి ఓబులేసు ఆమెకు ఒక్కడే కొడుకు. మంచివాడు. మాట్లాడవలసిన సమయం వచ్చినప్పుడల్లా ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయే రకం మంచివాడు. మాకు పెళ్ళయి అయిదేళ్ళు దాటింది. పిల్లలు లేరు. నేను మొక్కని దేవుడు లేడు, తాగని కషాయం లేదు. ఊళ్ళో ఎవరింట్లో బారసాల జరిగినా నాకు ఆ రోజు తలనొప్పి వచ్చేది.

ఆ రోజుల్లో గిద్దలూరు స్టేషను పక్క క్వార్టర్లలో ఒక గార్డు దొర ఉండేవాడు. తల మీద టోపీ ఉంటే చాలు, మాకు దొరే. ఆయన పుట్టి పెరిగింది గుంతకల్లులోనేనని తరువాత తెలిసింది గానీ, అప్పటికే దొర అని పిలిచేశాం కాబట్టి అలాగే ఉంచాం. డిసెంబరులో వాళ్ళ పండగ వచ్చిందంటే ఆయన భార్య వసారానంతా సింగారించేది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి చూసి, పనిలో పనిగా అంగళ్ళలో కావలసినవి కొనుక్కుని పోయేవాళ్ళు. పొలం పనులు కొంచెం తెరిపిగా ఉండే రోజులు కూడాను. మా అత్త అంతకు ముందు రెండుసార్లు చూసివచ్చింది. నేను చూడలేదు.

ఆ సంవత్సరం ఒక రోజు ఉన్నట్టుండి అన్నది: "ఏమే చెన్నమ్మా, రేపు గిద్దలూరికి పోదాం. దొరసాని సింగారం చూసినట్టుంటది, అంగట్లో పనీ అయితది. నువ్వూ రా."

నాకు నమ్మకం కలగలేదు. "నేనా అత్తా?"

"నువ్వు గాక ఇంకెవురు? ఇంట్లో ఇంకెవురన్నా ఉన్నారా ఏంది?"

ఆ చివరి మాటలో ఉన్న ముల్లు నాకు ఆ సంతోషంలో గుచ్చుకోలేదు. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు చేసి, చెనక్కాయల పచ్చడి నూరి, మూట కట్టి బండెక్కాను. దారి పొడవునా కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతూనే ఉన్నాను. ఎద్దుల మువ్వలు కూడా నా కోసమే మోగుతున్నాయనుకున్నాను.

గిద్దలూరు చేరగానే ముందు బట్టల శెట్టి అంగడికి వెళ్ళాం. శెట్టి మా అత్తను చూసి, "రా అక్కా, రా. కొత్త సరుకు దిగింది" అని చాప పరిచాడు. చీరలు ఒక్కొక్కటే విప్పి వేశాడు. మా అత్త వాటిని ముట్టుకోలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వే ఎంచు పిల్లా. నీ కన్ను మంచిది."

అయిదేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. నా ఒళ్ళు పొంగిపోయింది. ఉన్న చీరలన్నీ రెండేసి సార్లు తిప్పించాను. చివరికి చిలకపచ్చ రంగుది, ఎర్ర అంచుది, చేతిలోకి తీసుకున్నాను.

"ఇది అత్తా."

"వయసు పిల్లకు ఒప్పుతదా?"

"నాకేం వయసు మీరిపోయింది అత్తా?" అని నేను సిగ్గుపడ్డాను కూడా. చూడండి, సిగ్గుపడ్డాను.

"నీకు కాదులే. కంభంలో మా తమ్ముని కూతురికి. పుష్యం పోయినాక మాట కలుపుకొనేదానికి పోవాల. ఉత్త చేతులతో పోతే ఏం బాగుంటది?"

"ఎవురికి మాట కలుపుకొనేది?"

"ఓబులేసుకు."

చీర మడుస్తున్న శెట్టి చేయి ఆగిపోయింది. గడప అవతల నిలబడిన నా మొగుడు ఉన్నట్టుండి వంగి ఎద్దు గిట్టను పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు. ఆ గిట్టలో ఏముందో ఆయనకే తెలియాలి.  నా సవతికి పెట్టబోయే చీరను, ఇంత ముచ్చటపడి, రెండేసి సార్లు తిప్పించి మరీ ఎంచింది నేనే. లోకంలో ఇంతకంటే తెలివితక్కువ బేరం ఎవరైనా చేసి ఉంటే నాకు చెప్పండి, ఆమె కాళ్ళకు దండం పెడతాను.

"మంచి రంగే అత్తా" అన్నాను. 

మా అత్త బయటికి వచ్చాక నా భుజం మీద చేయి వేసింది. "నాకు నీ మింద కోపం లేదు పిల్లా. నువ్వు మంచిదానివే. ఇంట్లో బిడ్డ ఏడుపు వినాలని ఉంది నాకు. అంతే. నిన్ను యాడికీ పంపనులే, నువ్వూ ఉంటావు."

నువ్వూ ఉంటావు అన్నదే నన్ను ఎక్కువ ఏడిపించింది. నా ఇంట్లో నేను కూడా ఉంటానట. చీర మూట నా చేతికే ఇచ్చింది మోయమని. మోశాను. బండి నీడలో కూర్చుని రొట్టెలు తిన్నాం.  మా ఆయన తన రొట్టెలో సగం ఎద్దుకు పెట్టాడు.

ఆ తరువాత స్టేషను దగ్గరికి వెళ్ళాం. గార్డు దొర ఇంటి కంప గేటు తెరిచే ఉంది. వసారా నిండా రంగు కాగితాల తోరణాలు. మధ్యలో ఒక కిరసనాయిలు డబ్బా, డబ్బా నిండా మట్టి, మట్టిలో నల్లమల నుంచి కొట్టి తెచ్చిన ఏదో చెట్టు కొమ్మ, నా కంటే రెండు జానలు ఎక్కువ ఎత్తు. ఆ కొమ్మల నిండా దూది అతికించారు. గాజు గోళీలు, రంగు పీలికలు, మైనపు వత్తులు, రెక్కలున్న చిన్న చిన్న పసిబిడ్డల బొమ్మలు దారాలతో వేలాడుతున్నాయి. కొసన మెరుపు కాగితంతో చేసిన చుక్క. మాకంటే ముందు వచ్చిన వాళ్ళు చూసి, కొందరు చేతులెత్తి మొక్కి వెళ్ళిపోయారు. వసారాలో మేమే మిగిలాం. మా ఆయన బండి దగ్గరే ఉండిపోయాడు.

నా కళ్ళు ఆ పసిబిడ్డల బొమ్మల మీదే ఉన్నాయి.

"అత్తా, ఇది ఏం చెట్టు?"

ఇప్పుడు గమనించండి. ఈ చోట మా అత్త "నాకు తెలియదే" అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆమె మా అత్త.

"ఇది దొరల మొక్కు చెట్టు. ఎవురికి ఏది కావాలంటే దాని బొమ్మ కట్టుకొని మొక్కుకొంటారు."

"మరి ఆ బిడ్డలు?"

"బిడ్డలు లేనోళ్ళు కట్టినవి."

"ఆ రైలు బొమ్మ?"

అవును, ఒక చిన్న తగరపు రైలు కూడా వేలాడుతోంది. మా అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రైలు కంపెనీవాళ్ళు కట్టింటారు. ఇంగో రైలు కావాలని."

"ఆ దూది?"

"పత్తి బాగా పండాలని."

అంతా సరిగ్గా కుదిరింది. మా వైపు పిల్లలు లేని ఆడవాళ్ళు ఏం చేస్తారంటే, కట్టని కొత్త గుడ్డలో ఒక రాయిని బిడ్డలా పడుకోబెట్టి, ఆ గుడ్డ రెండు కొసలూ దేవర చెట్టు కొమ్మకు ముడేసి ఊయలలా వదులుతారు. నేను మా వైపు చెట్లన్నిటికీ కట్టి ఉన్నాను. ఏ చెట్టూ పలకలేదు. ఒకవేళ మా దేవుళ్ళకు తీరిక లేదేమో, దొరల దేవుడికి ఉంటుందేమో అనుకున్నాను. పుష్యం దాటేలోగా ఏదో ఒకటి జరగాలి నాకు.

ఊయలకు కొత్త గుడ్డ కావాలి. నా ఒంటి మీద ఉన్నదంతా పాతదే. చేతిలో మాత్రం మూట ఉంది.

నేను కావాలనే చేశానని తరువాత చాలామంది అన్నారు. ఒట్టు, అప్పుడు నాకు ఆ ఆలోచనే లేదు. కొత్త గుడ్డ అన్నదొక్కటే మనసులో ఉంది. అదే సమయానికి నంద్యాల వైపు నుంచి రైలు కూస్తూ వచ్చింది. మా అత్త "అదిగో, అదిగో" అంటూ అటు తిరిగింది. నేను మూట విప్పి, చిలకపచ్చ చీర కొంగు కొసను పళ్ళతో కొరికి, ఒక జానెడు వెడల్పున సర్రున చింపాను. రైలు కూతలో ఆ చప్పుడు కలిసిపోయింది. చీరను గబగబా మళ్ళీ మూటలో కుక్కాను.

ఇక రాయి. గేటు పక్కనే పట్టాల కంకర కుప్ప ఉంది. మామూలుగా గోళీ అంత రాయి చాలు. కానీ నేను ఆశపోతును. బిడ్డ పుష్టిగా పుట్టాలని రెండు చేతులకూ నిండా వచ్చే నల్లరాయి ఒకటి ఏరుకున్నాను. దాన్ని గుడ్డలో పడుకోబెట్టి, నాకు అందిన కొమ్మల్లో బాగా బయటికి సాగి ఉన్న దానికి రెండు ముడులూ గట్టిగా బిగించి, కళ్ళు మూసుకుని చేతులు జోడించాను.

"దొరల సామీ, నీ పేరు నాకు తెలీదు. నా పేరు చెన్నమ్మ. రాచర్ల పక్కన ఊరు. ఆడబిడ్డయినా సరే."

కళ్ళు తెరిచేసరికి చెట్టు నాకు వంగి సలాము చేస్తోంది.

డబ్బాతో సహా ఒక పక్కకు ఒరుగుతోంది. నేను గభాల్న ముందుకు పోయి రెండు చేతులతో వాటేసుకున్నాను. ముఖం నిండా దూది, నోట్లో రంగు కాగితం. రైలు ఆగిపోయింది, మా అత్త ఇటు తిరిగింది.

"ఏమే, దాన్ని ఎందుకు కావలించుకొన్నావు?"

"ఊరికే అత్తా. బాగుంది."

"బాగుంటే చూడు. పట్టుకోవాకు."

"వదిలితే బాగుండదత్తా."

"అదేం మాట? వదులు, ఎవురన్నా చూస్తే నవ్వుతారు."

"నవ్వనీలే అత్తా. నువ్వు పోయి బండి కాడ కూచో, నేను మెల్లగా వస్తా."

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా అత్తా."

మా అత్తకు ఓపిక తక్కువ. "రావే ఇట్ల" అని నా జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నేను వచ్చాను. నా వెనకే చెట్టు కూడా వచ్చింది.

ఆ చప్పుడుకు ప్లాటుఫారం మీద జనం కూడా తిరిగి చూశారట. గాజు గోళీలు పగిలి వసారా అంతా చల్లినట్టు పడ్డాయి. మెరుపు చుక్క ఎగిరివచ్చి మా అత్త కొప్పులో గుచ్చుకుంది. రెక్కల బిడ్డలు గేటు దాకా దొర్లారు. నేను దూదిలో కూర్చుని ఉన్నాను. ఆ చెట్టుకు కట్టిన వాటిలో ఊడిపోనిది ఒక్కటే, నేను కట్టిన ఊయల. ముడి అంత గట్టిగా వేశాను.

లోపలి నుంచి దొరసాని పరుగెత్తుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతుల నిండా పిండి. పడిన చెట్టును చూసింది, మమ్మల్ని చూసింది. తిడుతుందని నేను తల దించుకున్నాను.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నది, మాకంటే శుభ్రమైన తెలుగులో.

ఆమె తిట్టి ఉంటే నాకు అంత సిగ్గయ్యేది కాదు. అప్పుడే మా అత్త చూపు ఊయల మీద పడింది. వంగి గుడ్డను వేళ్ళతో రాసి చూసింది. "ఇది... ఇది నా చీర గదే!" అని మూట లాక్కుని విప్పింది. కొంగు లేని చీర బయటికి వచ్చింది. ఎప్పుడు వచ్చాడో మా ఆయన కూడా వచ్చి నిలబడి ఉన్నాడు.

"పెండ్లిపిల్లకు పెట్టే చీర చింపుతావా! నీకు ఎంత కుళ్ళే!"

"కుళ్ళు కాదత్తా, కొత్త గుడ్డ కావాల్సొచ్చింది. మొక్కు చెట్టని నువ్వే అంటివి గదా!"

"నేను చూడమంటి గానీ కట్టమంటినా?"

"చింపితే చింపిందిలేమ్మా" అన్నాడు మా ఆయన. అయిదేళ్ళలో ఆయన మాట్లాడవలసిన సమయానికి మాట్లాడింది అదొక్కసారే. అని వెంటనే గాజు పెంకులు ఏరడానికి కూర్చున్నాడు.

దొరసానికి ఏమీ అర్థం కాలేదు. ఊయలను చేత్తో ఎత్తి, లోపలి రాయిని చూసి, "ఇది ఏమిటమ్మా?" అని అడిగింది. మా అత్త చెప్పక తప్పలేదు. బిడ్డలు లేనివాళ్ళు కట్టుకునే మొక్కు అని చెప్పింది, నా కోడలికి బిడ్డలు లేరని చెప్పింది, కొడుక్కి ఇంకో పెళ్ళి చేయబోతున్నామని చెప్పింది, ఆ చీర సంగతి చెప్పింది. చివరికి, "ఇది మొక్కు చెట్టు కాదా తల్లీ?" అని అడిగింది.

"కాదమ్మా. ఊరికే అందం కోసం. పిల్లలు చూసి సంతోషపడతారని."

"మరి నీ పిల్లలు యాడ?"

దొరసాని చేతుల పిండి దులుపుకుంది. "లేరు" అన్నది. "ఊళ్ళో పిల్లలు వస్తారు కదా, వాళ్ళ కోసం కడతాను."

మా అత్త ఆమెను ఎగాదిగా చూసింది. "దొర ఇంగో దొరసానిని తెచ్చుకోలేదా?"

దొరసాని మొదట నవ్వింది. మా అత్త నవ్వడం లేదని చూసి, నవ్వు ఆపింది.

"ఎందుకు తెస్తాడమ్మా? నేను ఉన్నాను కదా."

మా అత్త దగ్గర దేనికైనా జవాబు ఉంటుందని మొదటే చెప్పాను. దీనికి లేదు. కొప్పులోని చుక్కను తీసి మెల్లగా దొరసాని చేతిలో పెట్టింది.

అందరం కలిసి చెట్టును మళ్ళీ నిలబెట్టాం. మా ఆయన డబ్బా చుట్టూ కంకర పేర్చాడు. నేను ఊయల విప్పబోతే ముడి రాలేదు. దొరసాని తనే విప్పి, రాయి తీసేసి, దాని స్థానంలో రెక్కల బిడ్డ బొమ్మను పడుకోబెట్టి, లోపలి కొమ్మకు తన చేత్తో కట్టింది. "పండగ అయ్యేదాకా ఉండనివ్వండి" అన్నది. ఒక్కొక్కరికి ఒక్కో తీపి రొట్టె ముక్క కూడా పెట్టింది. తన చెట్టును పడగొట్టినందుకు.

తిరుగు దారి పట్టాం. రాచర్ల దగ్గర పడుతుండగా మా అత్త ఎటో చూస్తూ అన్నది: "మొక్కు కట్టినాక ఏడాది ఆగాల. అది ఆచారం. కంభానికి కబురు పంపుతా, ఏడాది ఆగమని." తరువాత మూట నా ఒడిలోకి తోసింది. "చినిగిన చీర ఇంగ ఎవురికి పెట్టేది? నువ్వే కట్టుకో."

ఆ ఏడాది ఎలా గడిచిందో నేను నవ్వుతూ చెప్పలేను. నెల నెలా ఆశ, నెల నెలా ఏడుపు. మా అత్త నా ముఖం చూసి ఏమీ అడిగేది కాదు. అడగకపోతేనే నాకు ఎక్కువ భయం వేసేది. ఒకనాడు మా ఆయనను నిలదీశాను. "ఏడాది అయినాక ఏం చేస్తావు?" అని. "అమ్మను కాదనలేను, నిన్ను వదలలేను. నాకంటే ఎద్దులు నయం చెన్నా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే చేతిలో చేట ఉంది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. నా కడుపు ఎప్పటిలాగే ఉంది.

"గిద్దలూరికి పోదాం పా" అన్నది మా అత్త. దేనికని నేను అడగలేదు. శెట్టి అంగడి ఉండేది అక్కడే. నేను ఆ చిలకపచ్చ చీరే కట్టుకున్నాను, కొంగు లేని చోట దోపుకుని. ఈసారి బండిలో నవ్వలేదు. శెట్టి అంగడి ముందుకు రాగానే మా ఆయన బండి ఆపాడు. మా అత్త కాసేపు అంగడి వైపు చూసి, "ముందు ఆ దొరసాని కాడికి పోదాం. అంగడి యాడికి పోతది" అన్నది.

వసారాలో చెట్టు ఉంది. ఈసారి దాన్ని మోకుతో గోడ మేకుకు కట్టేసి ఉంచారు. నేను వస్తానని ముందే అనుమానం ఉన్నట్టుంది. చెట్టు పక్కన కుర్చీలో దొరసాని. ఆమె ఒడిలో, నూలు టోపీ పెట్టుకుని, పిడికిలి నోట్లో కుక్కుకుంటున్న ఒక పసిబిడ్డ.

"ఎవురి బిడ్డ తల్లీ?" అన్నది మా అత్త.

"నా బిడ్డ అమ్మా. ఆడపిల్ల." దొరసాని నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా. "మీరు వస్తే చూపించాలని రోజూ గేటు వైపు చూస్తున్నాను."

 అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. ఆడబిడ్డయినా సరే అని నేను కదా అడిగింది! రాచర్ల పక్కన ఊరని చిరునామా కూడా చెప్పానే!

మా అత్త మాత్రం నెలలు లెక్కబెడుతూ వేళ్ళు మడుస్తోంది. మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, చివరికి వసారా అదిరేలా ఒక్క కేక వేసింది.

"ఇది మా మొక్కే!"

"ఏమిటమ్మా?"

"పోయినేడు ఆ ఊయల విప్పి మళ్ళా కట్టింది ఎవురు?"

"నేనే. కానీ నేను ఏమీ మొక్కుకోలేదమ్మా, ఊరికే..."

"నువ్వు మొక్కుకోలా. నా కోడలు మొక్కుకొనింది. గుడ్డ మాది, మొక్కు మాది, ముడి నీది. దేవుడేం చేస్తాడు, కట్టిన చేయి చూసి ఇచ్చినాడు." అక్కడ సింగారం చూడడానికి వచ్చిన వాళ్ళందరి వైపూ తిరిగింది. "చూసినారా? నా కోడలి మొక్కు గొడ్డుపోలేదు. ఇదిగో, పండింది. యాడ పండిందనేది మన చేతుల్లో ఉందా?"

తరువాత కొడుకును పిలిచింది. "రేయ్ ఓబులేసూ! కంభానికి చెప్పి పంపు. ఆ పిల్లకు ఇంగో సంబంధం చూసుకోమను."

"ఎందుకమ్మా?" అన్నాడు ఆయన. చూడండి, ఇన్నాళ్ళకు నోరు తెరిచి ఇదీ అడిగిన ప్రశ్న.

"మన మొక్కు చెల్లిపోయింది గదరా! ఒక మొక్కుకు ఇద్దరు బిడ్డల్ని అడిగితే దేవుడు ఊరుకొంటాడా?"

మా అత్త అది నిజంగా నమ్మిందో, నమ్మినట్టు అందరి ముందు నిలబడి చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె బతికి ఉన్నంతకాలం నేను అడగలేదు, భయపడి. దొరసాని లేచి వచ్చి బిడ్డను నా చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల నన్ను చూసి, నచ్చినట్టు ఒకసారి తుమ్మింది. అప్పుడు ఏడ్చాను, మా అత్త కూడా ఏడ్చింది. మా ఆయన ఎద్దుల దగ్గరికి వెళ్ళి ఏడ్చాడు. శెట్టి అంగడికి వెళ్ళాం గానీ కొన్నది ఆ బిడ్డకు ఒక మెత్తటి నూలుగుడ్డ మాత్రమే.

నాకు పిల్లలు పుట్టలేదు. ఆ బాధ తగ్గింది గానీ పోలేదు. సవతి మాత్రం రాలేదు. మా ఇంట్లో నేను కూడా కాదు, నేనే ఉన్నాను.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఇప్పుడు లేని మా ఎద్దుల సాక్షిగా ఒట్టు వేసి చెబుతున్నాను. పరాయి వాళ్ళ వసారాలో, కిరసనాయిలు డబ్బాలో పాతిన చెట్టుకు, పట్టాల కంకర పెట్టి ఇక ఈ జన్మలో ఊయల కట్టను. ఒకవేళ ఏ జన్మలోనైనా కట్టవలసి వస్తే, ముడి మాత్రం ఇంకొకరిని ముట్టుకోనివ్వను.